దొర వేషం ఎవరు కట్టాలె?

(కళాజాతా శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగం)



మన జాతాల్లో ప్రతిసారీ ఇదే పంచాయితీ. జీతగాడి వేషం నాకంటే నాకని పోటీ. దొర వేషం ఎవ్వరికీ వద్దు. ఆఖరికి మాట రాని పిల్లగాడికి మీసం అంటించి నిలబెడతాం. జనం నవ్వుతారు. ఆ నవ్వులోనే మన నాటకం ఓడిపోతది. ఊళ్లో మనను భయపెట్టేటోడు అట్ల ఉండడు గదా!

అందుకే మనం మరాఠీ నటుడు నీళూ ఫూలే గురించి తెలుసుకోవాలె. 1930లో పుట్టిండు. పడుచుతనంలో పుణె సైనిక వైద్య కళాశాలలో తోటమాలిగా పనిచేసిండు. నటన నేర్చింది రాష్ట్ర సేవాదళ్ కళాబృందంలో. అంటే మన జాతా లాంటిదే. తమాషా పద్ధతిలో ఆడిన 'కథా అకలేచ్యా కాంద్యాచీ' ప్రజానాటకంతో పేరొచ్చింది. 1968లో 'ఏక్ గావ్ బారా భానగడీ'తో సినిమాకెక్కిండు. 1972లో విజయ్ తెండూల్కర్ నాటకం 'సఖారామ్ బైండర్'లో సఖారామ్ ఆయనే. ఆ నాటకాన్ని సెన్సారు ఆపితే, నాటకం వాళ్లు కోర్టుకెక్కి ఆడుకున్నారు.

ఇక జబ్బార్ పటేల్ తీసిన 'సామ్నా' చూడండి. అందులో ఫూలే చక్కెర ఫ్యాక్టరీ పెత్తందారు హిందూరావు. అరవడు, కొరడా పట్టడు. నవ్వుతడు, మర్యాద చేస్తడు, తాగిస్తడు. ఆ ఊళ్లో మారుతి కాంబ్లే అనే మనిషి మాయమైండు. కాంబ్లే అంటే మహారాష్ట్ర వాడల్లో మస్తుగా వినబడే ఇంటిపేరు. అతనేమైండని శ్రీరామ్ లాగూ వేసిన తాగుబోతు మాస్టారు అడుగుతనే ఉంటడు. నవ్వే దొర ఎంత ప్రమాదమో ఫూలే మొఖంలో చూస్తేనే తెలుస్తది.

సినిమాల్లో ఆడవాళ్లను చెరబట్టే పాటిల్ వేషాలు ఎన్నో వేసిండు. ఊళ్లల్లో ఆడవాళ్లు ఆయన్ని నిజంగనే తిట్టుకునేవారట. బయట మాత్రం మూఢనమ్మకాల మీద పోరాటంలో నరేంద్ర దభోల్కర్‌కు తోడున్నడు. ప్రజాకార్యకర్తల బతుకుదెరువుకు నిధి కావాలంటే లాగూతో కలిసి నాటకాలాడి పైసలు పోగేసిండు. 1991లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2009 జూలై 13న కన్నుమూసిండు.

దొరను ద్వేషించినోడే దొరను బాగా చూసిండు. నడక, చూపు, పైపంచె సర్దుకునే తీరు, 'ఏం రా' అనే పిలుపు. ఇవన్నీ మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? తరతరాలుగా తల వంచుకొనే గమనించినం. ఆ ఎరుకే మన పెట్టుబడి. కాబట్టి రేపటి నుంచి జాతాలో అందరికన్నా గట్టి నటుడికే దొర వేషం ఇవ్వాలె. జనం నవ్వుడు ఆపి, వీడు మా ఊరోడేనని గుర్తుపట్టాలె.

ఇంకొక్క మాట. సినిమాలో కాంబ్లే సంగతి అడిగింది మాస్టారు. మనలోనూ పంతుళ్లం ఉన్నాం, అడుగుతాం. కానీ మన కాంబ్లేలు ఏమయ్యారని వాడంతా లేచి అడిగిన నాడే మన నాటకం గెలిచినట్టు.