గాలి అదే, పాస్ మార్కులే మారాయి

ఈ ఎపిసోడ్ అంతా ఒక్క నంబర్ గురించే: 58.

హైదరాబాద్‌లో ఒక రోజు పీఎం 2.5 సగటు క్యూబిక్ మీటర్‌కి 58 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. పీఎం 2.5 అంటే ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లిపోయే సన్నటి ధూళి. మన సీపీసీబీ లెక్కలో దీని ఏక్యూఐ 97 దగ్గర వస్తుంది. లేత ఆకుపచ్చ రంగు, 'సంతృప్తికరం'. అదే 58ని అమెరికా స్కేల్‌లో పెడితే 150 దాటుతుంది. ఎరుపు రంగు, 'అనారోగ్యకరం'. మరి ఎవరు అబద్ధం చెప్తున్నట్టు? ఎవరూ చెప్పట్లేదు. గీత ఎక్కడ గీశారన్నదే తేడా.

పాస్ మార్కు 35 నుంచి 60 చేస్తే, నిన్న 50తో పాసైన అబ్బాయి ఇవాళ ఫెయిల్. వాడి మార్కులు మాత్రం అవే కదా!

మన గీతలు 2009 నాటివి: ఏడాది సగటు 40, 24 గంటల సగటు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఏడాదికి 10, రోజుకి 25 అంది. 2021 సెప్టెంబర్‌లో వాటిని 5కి, 15కి దించేసింది. ఎందుకంటే, అంత తక్కువ ధూళితో కూడా గుండె, ఊపిరితిత్తుల జబ్బులు వస్తున్నాయని ఈ మధ్యలో చేసిన స్టడీల్లో తేలింది. అమెరికా కూడా 2024లో ఏడాది పరిమితి 12ని 9 చేసింది. అంటే, ఏడాది సగటు 38 ఉన్న ఊరు మన రూల్ ప్రకారం పాస్. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో ఏడు రెట్లకి పైనే.

"మన దగ్గర దుమ్మే ఎక్కువ, 5 ఎలా సాధ్యం?" అంటారు. కరెక్టే, ఒక్కసారిగా కుదరదు. అందుకే వాళ్లు మెట్లు పెట్టారు: 35, 25, 15, 10, చివరికి 5. మన 40 మొదటి మెట్టుకి కూడా అందలేదు.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? యాప్‌లో ఆకుపచ్చ చూసి, ఆస్తమా ఉన్న పిల్లాడిని ధైర్యంగా గ్రౌండ్‌కి పంపే అమ్మ. నిజానికి 'సంతృప్తికరం' పక్కనే సీపీసీబీ రాసింది, సున్నితమైన వాళ్లకి కాస్త ఊపిరి ఇబ్బంది రావచ్చని. రంగు చూసి ఆగిపోతే అది కనపడదు.

కాబట్టి రెండు పనులు చేయండి. ఒకటి, రంగుతో ఆపకుండా పీఎం 2.5 మైక్రోగ్రాములు ఎంతో చూసి, రోజు సగటుని 15తో పోల్చండి. రెండు, "కలుషిత నగరాలు పెరిగాయి" అని హెడ్‌లైన్ వస్తే, ధూళి పెరిగిందా, గీత కిందికి దిగిందా అని చూడండి. గీత దిగితే కొత్త విషమేం రాలేదు. ఇన్నాళ్లూ మనం పీల్చిందే ఇప్పుడు లెక్కలోకి వచ్చింది.

ఇవాళ్టికి ఇంతే. ఉంటాను.