ఇల్లు ఎవరి పోలిక?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఇరవై ఏళ్లకు పైగా తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య తిరుగుతూ ఇళ్లకు లోపలి పని చేయిస్తున్నాను. దాని గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. మనలో సగంమంది రిటైరైన డబ్బుతో ఇల్లు బాగుచేయించుకునే వయసులో ఉన్నారు. మిగతా సగంమంది అమ్మానాన్నల ఇంటిని హైదరాబాదు నుంచో అమెరికా నుంచో ఫోనులో బాగుచేయిస్తున్నారు. కాబట్టి ఇది అందరికీ పట్టే విషయమే.

ఫ్యాషన్‌ని తిట్టడానికి రాలేదు. ఆంధ్రా పారిస్ అని పేరున్న ఊరి పక్కన నిలబడి ఆ పని చేస్తే నవ్విపోతారు. మన తాతల మండువా లోగిళ్లలో బర్మా టేకు దూలాలు, బెల్జియం అద్దాలు కూడా ఆనాటి ఫ్యాషనే. వాళ్లూ పక్కింటిని చూసే పెట్టించారు. కానీ బర్మా టేకు వచ్చిందని వీధరుగు తీసేయలేదు. అద్దం వచ్చిందని వసారాలో పడక కుర్చీ కదిలించలేదు. కొత్త సొగసు వచ్చి పాత అలవాటు పక్కన కూర్చుంది, అంతే.

ఇప్పుడు అలవాటునే లేపి పంపేస్తున్నాం. బాపట్లలో రిటైరైన దంపతుల ఇల్లు ఒకటి చేశాను. అబ్బాయి విదేశం నుంచి వంటింటి ఫొటోలు పంపించాడు. అంతా తెలుపు, అరలకు పిడులు లేవు, పైన కప్పుదాకా అల్మారాలు. చూడ్డానికి చక్కగా ఉంది. ఆవిడకు చూపిస్తే చాలాసేపు చూసి, “బాగుందమ్మాయ్. ఇంతకీ నేను కూర్చుని కూర తరుక్కునేదెక్కడ?” అన్నారు. ఆవిడ ఐదడుగులు కూడా ఉండరు. మోకాళ్ల నొప్పులు. ఆ ఫొటోలో ఆవిడ చెయ్యి అందేది కింది అరలకే, వాటికేమో వంగాలి.

అబ్బాయికి ఫోను చేసి ఈ మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేను అమ్మని అడగనే లేదండీ” అన్నాడు. మంచి కొడుకే. డబ్బంతా అతనిదే. అడగాలని తోచలేదు, అంతే.

సాధారణంగా వంటగట్టు 34 అంగుళాల ఎత్తు పెడతారు. నిలబడి పనిచేసేవాళ్ల మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటే భుజాలు నొప్పి పుట్టవు. ఆవిడకు కొలిస్తే 31 వచ్చింది. అదే కట్టించాం. కిటికీ దగ్గర బల్లంత ఎత్తులో చిన్న గట్టు, ముందు కుర్చీ. తెలుపు రంగు అబ్బాయి కోరినట్టే ఉంచాం. సొంత శైలి అంటే నేను చెప్పేది ఇదే. అది గొప్ప అభిరుచి కానక్కర్లేదు. ఆ ఇంట్లో ఉండే మనిషి కొలత, ఆ మనిషి అలవాటు.

రెండోది, మన గాలి. సూర్యలంక వైపు ఉప్పుగాలి ఇనుప బందుల్ని తినేస్తుంది. రేపల్లె వైపు గోడలకు ఉప్పు పూస్తుంది. తెనాలి కాలవగట్ల మీద చెమ్మ సరేసరి. ఫొటోలోని ఇల్లు ఏ పొడి ఊళ్లోదో. చెక్క పీచుతో చేసే ఎండీఎఫ్ పలక నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. వంటింట్లో సింకు దగ్గరైనా ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి, స్టెయిన్‌లెస్ స్టీలు బందులు అడగండి. చెమ్మ గోడకు వాల్‌పేపర్ అంటిస్తే అది ఊడి వస్తుంది, ముందు చెమ్మ సంగతి చూడండి. పదడుగుల గదికి ఫాల్స్ సీలింగ్ దింపితే ఎత్తు తగ్గుతుంది, పైన బల్లులకు మేడ కట్టినట్టవుతుంది.

మూడోది, ఫ్యాషన్ తిరిగి వస్తుంది. 1970, 80ల్లో మన ఇళ్లలో వేసిన మొజాయిక్ గచ్చు పాతదైపోయిందని దానిమీదే విట్రిఫైడ్ టైల్స్ పరిచాం. ఇప్పుడు ఆ మొజాయిక్కే టెరాజో అనే పేరుతో షోరూముల్లో మెరుస్తోంది. పాతదనం కూడా ఫ్యాషనే అయిపోయింది. తాతగారి గుమ్మాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేసి, కారైకుడి నుంచి ఎవరి తాతగారిదో తలుపు కొని హాల్లో ఆనించిన ఇళ్లు చూశాను. రెంటిలో మీ పేరు చెప్పేది ఏదో మీకే తెలుసు.

దగ్గరి సరుకునూ మరవకండి. చీరాల, మంగళగిరి చేనేత కిటికీ తెరలకు హాయిగా ఉంటుంది, ఉతుక్కోవచ్చు. పెనుమూడి వారధి దాటి కాస్త వెళితే మచిలీపట్నం, పెడన కలంకారీ. అదైనా నచ్చితేనే. మనదని చెప్పి నచ్చనిది గోడకు తగిలించుకోవడం కూడా ఇంకొకరి మాట వినడమే.

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్క పని చేయండి. ఒక రోజంతా ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి. నాన్నగారు పేపరు ఏ కిటికీ దగ్గర చదువుతున్నారు? వచ్చినవాళ్లు చెప్పులు ఎక్కడ విడుస్తున్నారు? అమ్మ మధ్యాహ్నం ఎక్కడ నడుం వాలుస్తోంది? ఆ చోట్లు ముట్టుకోకండి. మిగతా ఇల్లంతా మీ ఇష్టం, ఏ ఫొటో నచ్చితే ఆ ఫొటోలాగా చేయించుకోండి.

పెద్దవాళ్లు తమ ఇంట్లో తామే చుట్టాల్లా సోఫా చివర సర్దుకుని కూర్చోవడం నేను చూశాను. మనం పంపిన డబ్బు అందుకు ఖర్చు కాకూడదు.