లేమి నేర్పిన పాకము

చలికాలము వచ్చినదనగానే ప్రతి దేశపు వంటయింటను పొయ్యికి గౌరవము హెచ్చును. మన పెద్దలు శొంఠి, మిరియములు, నువ్వులు, కొత్త బెల్లము మున్నగువానిని ఈ ఋతువునకు తగినవిగా ఎంచిరి. అయినను మన తెలుగునాట చలి కొన్ని వారముల ముచ్చటయే. ఇంగ్లండున అట్లు కాదు. అచట అక్టోబరు మొదలు మార్చి చివరివరకు చలి విడువదు. డిసెంబరు మాసమున సాయంకాలము నాలుగు గంటలకే ప్రొద్దు గ్రుంకును. అట్టి చీకటి సంజలలో ఆ దేశస్థులు భోజనానంతరము ప్రీతితో ఆరగించు ఒక తీపి వంటకమును గూర్చి ఈ పూట ముచ్చటింపదలచితిమి. దాని పేరు ఆపిల్ క్రంబుల్.

క్రంబుల్ అను ఇంగ్లీషు మాటకు పొడిపొడిగా రాలుట అని అర్థము. పేరులోనే దాని రూపము తెలియుచున్నది. అడుగున సుగంధద్రవ్యములు చేర్చిన పుల్లని పండ్ల ముక్కలు. పైన వెన్న, పిండి, చక్కెర కలిపి నలిపిన పొడి. ఈ రెండింటిని ఒక లోతైన పళ్ళెములో నుంచి ఓవెనులో కాల్చినచో, అడుగున పండు మెత్తబడి ఉడుకును; పైపొడి ఎర్రబారి కరకరలాడును. వంట ఇంతియే. ఇంత సులభమైన దానికి ఒక ప్రసంగమెందులకని మీరడుగవచ్చును. ఆ సులభత్వము ఊరక వచ్చినది కాదు. ఒక జాతి లేమిలో పడి నేర్చుకొన్నది. కనుకనే దానిని గూర్చి చెప్పవలెనని మాకు తోచినది.

ఇంగ్లీషువారికి పండ్లతో చేయు పై అను వంటకము ప్రాచీనమైనది. 14వ శతాబ్దపు పాకగ్రంథములలోనే ఆపిల్ పండ్లు, అత్తిపండ్లు, ఎండుద్రాక్ష, సుగంధద్రవ్యములు కలిపి పిండి తొడుగులో కాల్చు విధానము కానవచ్చును. పై చేయుటకు పిండిని వెన్నతో నలిపి, నీటితో ముద్దచేసి, రొట్టెవలె వత్తి, పళ్ళెమునకు అడుగునను పైనను పరువవలెను. దానికి చేతినేర్పు కావలెను. అంతకు మించి వెన్న కావలెను.

1939 సెప్టెంబరులో యుద్ధము మొదలగునాటికి బ్రిటన్ తన ఆహారములో సగమునకు మించి ఓడలపై విదేశములనుండి తెచ్చుకొనుచుండెను. జర్మను జలాంతర్గాములు ఆ ఓడలను ముంచసాగెను. 1940 జనవరి 8వ తేదీన వెన్నకును, చక్కెరకును, ఉప్పులో ఊరవేసిన పందిమాంసమునకును రేషను విధింపబడెను. కొలతలు కాలమునుబట్టి మారుచు వచ్చినను, పెక్కు కాలము మనిషి యొక్కింటికి వారమునకు దొరకినది వెన్న 2 ఔన్సులు, అనగా సుమారు 57 గ్రాములు. చక్కెర 8 ఔన్సులు, అనగా సుమారు 227 గ్రాములు. ఉదయము రొట్టెకు రాచినది పోగా మిగిలిన వెన్నతో పై చేయుట ఎట్లు?

పెరటి పండ్లకు మాత్రము అంత కొరత లేదు. పెరటి చెట్లకు ఆపిల్ పండ్లు కాయుచునే యుండెను. కనుక ఇల్లాండ్రు అడుగు తొడుగును మానివేసిరి. పై తొడుగును వత్తుట మానివేసి పొడిగా చల్లిరి. పిండి చాలనిచోట ఓట్స్‌ను గాని, ఎండిన రొట్టె పొడిని గాని కలిపిరి. వెన్న లేనిచోట మార్జరిన్ వాడిరి. వత్తవలసిన పని లేదు గనుక ఏది కలిపినను పొడి చెడలేదు. ఇట్టి వంటకము అంతకు పూర్వము బొత్తిగా లేదని మేము చెప్పము. అది బ్రిటన్‌లో ఇంటింటి వంటకమైనది మాత్రము ఆ యుద్ధకాలముననే యని పాకచరిత్ర తెలిసినవారు చెప్పుదురు.

రేడియోలో పనిచేయువారమగుటచేత మాకు ఈ కథలో మరియొక ఆసక్తి కలదు. 1940 జూన్ మాసమున బి.బి.సి. వారు ఆహార మంత్రిత్వశాఖతో కలిసి ‘కిచెన్ ఫ్రంట్’ అను కార్యక్రమమును ప్రారంభించిరి. వంటయింటి యుద్ధరంగమని ఆ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. ప్రొద్దుట 8 గంటల 15 నిమిషములకు, వార్తలు ముగిసినపిదప, ఐదు నిమిషముల ప్రసంగము. ఇల్లాండ్రు అంగడికి బయలుదేరుటకు ముందే వినవలెనని ఆ వేళను ఎంచిరి. ఎల్సీ వాటర్స్, డోరిస్ వాటర్స్ అను హాస్యనటీమణులైన అక్కచెల్లెండ్రు అందులో పాల్గొనిరి. మార్గరీట్ పాటెన్ అను పాకశాస్త్రజ్ఞురాలు నాడు ఆహార మంత్రిత్వశాఖ పక్షమున వంటలు నేర్పుచు, ఆ కార్యక్రమమునను ప్రసంగించి, దీర్ఘకాలము గ్రంథములు వ్రాసి, 2015లో 99 ఏండ్ల వయస్సున కీర్తిశేషురాలయ్యెను.

ఆ ఐదు నిమిషముల వెనుక ఎంత బాధ్యత కలదో ఆలోచింపుడు. నేడు మేము ఒక కొలత తప్పు చెప్పినచో మీ యింట ఒక పూట తీపి చెడును, మీరు నవ్వుకొందురు. ఆనాడు ప్రసంగకర్త తప్పు చెప్పినచో, ఒక తల్లి తన పిల్లల వారపు వెన్నను, చక్కెరను ఒక్క పూటలో పోగొట్టుకొనును. మరల వారము తిరుగువరకు ఆ యింట అవి లేవు. కనుక శ్రోత యింట లేనిదానిని చెప్పరాదు. ఉన్నదానిని చెడగొట్టు మాట చెప్పరాదు. ఈ రెండు నియమములను మేమును పాటించి ఈ వంటకమును వివరింతుము.

మొదట పండు మాట. ఇంగ్లండున క్రంబుల్‌కు ఉత్తమమని పేరొందినది బ్రామ్లీ అను పుల్లని ఆపిల్. నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ పట్టణమున 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అను బాలిక పాతిన గింజనుండి మొలచిన చెట్టు ఈ జాతికి మూలము. 1846లో ఆ యింటిని మాథ్యూ బ్రామ్లీ అను మాంసవిక్రేత కొనెను. పదేండ్ల తరువాత ఒక తోటమాలి అంట్లు కట్టుటకు కొమ్మలనడుగగా, పండునకు తన పేరు పెట్టవలెనను నియమముతో బ్రామ్లీ ఒప్పుకొనెను. నాటిన బాలిక పేరు పండునకు రాలేదు! అందు చక్కెర తక్కువ, పులుపు మెండు. ఉడికినపుడు ముక్క ముక్కగా నిలువక నురుగువలె మెత్తనగును. మన అంగళ్ళలో దొరకు కాశ్మీరు, సిమ్లా పండ్లు తీయనివి. ఉడికినను ముక్క నిలుచును. వానిని వాడినపుడు ఒక నిమ్మకాయ రసము పిండవలెను. పచ్చని పుల్ల ఆపిల్ దొరకినచో సగమునకు సగము కలిపిన మేలు.

ఇక సుగంధద్రవ్యములు. దాల్చిన సింహళమునుండి, లవంగము, జాజికాయ తూర్పు దీవులనుండి, అల్లము మన దేశపు పశ్చిమతీరమునుండి పూర్వము ఆ చలి దేశమునకు చేరినవి. ఇవి నోటికి వేడిగా తోచుటకు కారణము కలదు. శొంఠిలోని ఘాటు, లవంగములోని తైలము, ఉష్ణమును గుర్తించు నాడులనే ప్రేరేపించును. కనుక మన పెద్దలు వీనిని వేడి వస్తువులనుట వట్టిమాట కాదు. మన అంగళ్ళలో దాల్చినచెక్కయని అమ్మునది పెక్కుసార్లు కాసియా అను వేరొక చెట్టు పట్ట. అది దళసరిగా, గట్టిగా, ఘాటుగా నుండును. సింహళపు దాల్చిన కాగితమువలె పలుచనై పొరలు పొరలుగా చుట్టుకొని యుండును. మొదటిదైనచో కొలతలో కొంత తగ్గింపుడు.

ఆరుగురికి కావలసిన కొలతలివి. ఆపిల్ పండ్లు ఒక కిలో. పండ్లలోనికి చక్కెర 80 గ్రాములు, పుల్లని పండ్లైనచో 100. ఎండుద్రాక్ష ఒక గుప్పెడు. దాల్చిన పొడి ఒక టీ చెంచా. శొంఠి పొడి అర టీ చెంచా. రెండు లవంగముల పొడి. జాజికాయ అరగదీసినది చిటికెడు. పైపొడికి గోధుమపిండి గాని మైదా గాని 150 గ్రాములు, ఓట్స్ 50 గ్రాములు, వెన్న 100 గ్రాములు, చక్కెర 80 గ్రాములు, ఉప్పు చిటికెడు. ఓట్స్ లేనివారు పిండినే 200 గ్రాములు తీసికొనవచ్చును.

పండ్ల చెక్కు తీసి, గింజలు తొలగించి, బొటనవ్రేలి మందమున ముక్కలు కోయుడు. వానికి చక్కెర, ఎండుద్రాక్ష, పొడులు పట్టించి, రెండంగుళముల లోతు గల పళ్ళెములో పరువుడు. పళ్ళెము మూడింట రెండు వంతులు నిండిన చాలును.

పైపొడి కలుపుటలోనే ఈ వంటకపు మర్మమంతయు కలదు. వెన్న చల్లగా నుండవలెను. దానిని చిన్న ముక్కలుగా పిండిలో వేసి వ్రేళ్ళ కొనలతో నలుపుడు. అరచేయి వేడి గనుక అరచేతితో పిసుకరాదు. కజ్జికాయల పిండిలో నేయి కలిపి పిడికిట పట్టి చూచు అలవాటు మన ఇండ్లలో కలదు కదా! ఇదియు అట్లే. పట్టినపుడు ఉండగా నిలువవలెను. వ్రేలు తాకగానే విడిపోవలెను. గోధుమపిండిలోని మాంసకృత్తులు నీటితో కలిసినపుడు జిగురేర్పడును. పిండి రేణువుల చుట్టు క్రొవ్వు పూతవలె పట్టుకొన్నచో నీరు లోనికి చేరదు, జిగురు పుట్టదు, కాలినపుడు గుల్లగా విరుగును. కనుక ఇందులో నీటిచుక్క తగులరాదు. మన ఇండ్లలో చలికాలపు నేయి గడ్డకట్టి యుండును గనుక వెన్నకు బదులు 80 గ్రాముల పేరిన నేయి వాడవచ్చును. తరువాత చక్కెర, ఓట్స్, ఉప్పు కలుపుడు.

ఈ పొడిని పండ్లపై చల్లవలెనే గాని అదిమి సమము చేయరాదు. అదిమినచో పండ్లనుండి లేచు ఆవిరి పైకి రాలేక పొడిని ముద్దచేయును. 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల ఓవెనులో 40 మొదలు 45 నిమిషములు కాల్చుడు. పైన బంగారు రంగు వచ్చుటయే గాక, అంచులవెంట రసము బుడగలు కట్టుచుండవలెను. అదియే పండు ఉడికినదనుటకు గుర్తు. దించిన వెంటనే తినరాదు. ఉడికిన చక్కెరరసము నోటిని కాల్చును. పది నిమిషములు నిలిపినచో రసము చిక్కబడును.

ఓవెను లేని యింటివారు నిరాశ చెందనక్కరలేదు. పండ్లను మూతపెట్టిన గిన్నెలో సన్నని సెగపై మెత్తబడువరకు మగ్గనిండు. పైపొడిని వేరుగా దళసరి బాణలిలో, సెగ తగ్గించి, అట్లకాడతో కలియబెట్టుచు ఎర్రగా వేయించుడు. వడ్డించు సమయమున పండ్లపై చల్లుడు. పద్ధతి మారినను రుచి చాలవరకు దక్కును. ఆపిల్ ప్రియమైనచోట అనాసపండు ముక్కలతోను, గింజలు తీసిన దోర జామపండ్లతోను చేయవచ్చును. అనాసకు రసము మెండు గనుక ఒక చెంచా మొక్కజొన్న పిండి కలుపవలెను. పండు ఏదైనను కొంత పులుపు ఉండవలెనని మాత్రము మరువకుడు. పులుపు లేనిచో ఇది వట్టి తీపియై మొగము మొత్తును.

క్రంబుల్‌పై ఇంగ్లీషువారు వేడి కస్టర్డు పోసికొందురు. పూర్వము కస్టర్డు గ్రుడ్లతో చేయబడుచుండెను. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను రసాయనజ్ఞుడు, తన భార్యకు గ్రుడ్లు పడకపోవుటచేత, మొక్కజొన్న పిండితో గ్రుడ్లు లేని కస్టర్డు పొడిని కల్పించెను. శాకాహారులైన మన ఇండ్లలో నేడు పండ్లు కలిపి తిను కస్టర్డునకు మూలమదియే. ఇదియు లేమినుండి పుట్టినదే! బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు ఈ జంట పాఠశాల మధ్యాహ్న భోజనమునందే పరిచయమగుచున్నది.

1954 జూలై 4వ తేదీన బ్రిటన్‌లో ఆహారపు రేషను పూర్తిగా తొలగెను. వెన్న మరల సమృద్ధిగా వచ్చెను. పై మరల బల్లపైకి వచ్చెను. కరవునాటి వంటకములు పెక్కింటిని జనులు సంతోషముతో మరచిరి. క్రంబుల్‌ను మాత్రము మరువలేదు. ఇతర వంటకములు ఉన్నదానికి బదులుగా వచ్చినవి; బదులు అవసరము తీరగానే పోయినవి. క్రంబుల్‌లో పొడి విరుగుట, పండు పులియుట, సుగంధము వెచ్చనగుట అనునవి దాని సొంత గుణములు. వెన్న తక్కువైనందున అది పుట్టినదే గాని, అందుచేత దాని రుచి తక్కువ కాలేదు. మన యిండ్లలోను మిగిలిన అన్నముతో, ఎండిన రొట్టెతో, దెబ్బతిన్న పండుతో పెద్దలు చేసిన వంటలు కలవు. వానిని బీదవంటలని దాచుకొనక, పిల్లలకు పేరుపెట్టి నేర్పుట మంచిది.

వచ్చు ఆదివారము సాయంకాలము నాలుగు ఆపిల్ పండ్లు, ఇంటనున్న పిండి, కొంత నేయి తీసికొని ప్రయత్నించి చూడుడు. పొడి నలుపు పనిని పిల్లలకు అప్పగింపుడు. ఆ పని వారికి మిక్కిలి ఇష్టమగును. పెద్దల చేతికంటె వారి చిన్న వ్రేళ్ళకే అది చక్కగా కుదురును.