గ్రహశకలాల్లో దాగిన మంచు

అంగారకుడికీ బృహస్పతికీ నడుమ తిరిగే గ్రహశకలాలు ఎండిపోయిన రాళ్లేనని చాలాకాలం అనుకున్నాం. 2010లో థెమిస్ అనే శకలం మీద మంచు జాడ దొరికింది. అక్కడ గాలి లేదు. ఎండ తగిలితే మంచు కరిగి నీరవ్వదు, మూత తీసిన కర్పూరంలా నేరుగా ఆవిరైపోతుంది. ఇదే ఉత్పతనం. మరి ఇన్ని కోట్ల ఏళ్లు ఆ మంచు ఎలా నిలిచింది? పైనున్న ధూళిపొర కింద దాగి, కొంచెం కొంచెంగా పైకి చేరుతూ ఉండాలి.

ఈ గ్రహశకలాల పట్టీలోనే రీడ్ అనే తోకచుక్క ఉంది. సూర్యుడికి దగ్గరైనప్పుడు దానికి తోక మొలుస్తుంది. దాని చుట్టూ నీటి ఆవిరి ఉందని జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూపిందని 2023లో వెల్లడైంది. తోకచుక్కల్లో సాధారణంగా ఉండే కార్బన్ డయాక్సైడ్ మాత్రం కనబడలేదు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. భూమికి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికేవాళ్లు ఇప్పుడు ఈ పట్టీనీ శ్రద్ధగా గాలిస్తున్నారు.