పిల్లలకూ ఇచ్చే అవకాశం ఇద్దాం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల్లోని మన పిల్లలకు సొసైటీ తరఫున పుస్తకాలు, బ్యాగులు, ఫీజులు అందుతున్నాయి. ఆ లెక్కలు కార్యదర్శి గారు చెబుతారు. ఆ పిల్లలకు ఆదివారాల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులం మేము. మాకు ఇచ్చిన కొద్ది నిమిషాల్లో ఒక చిన్న పని గురించి చెప్పుకుంటాం. పిల్లల చేత స్వయంగా ఈద్ కార్డులు చేయించడం ఆ పని. వినడానికి కాలక్షేపంలా అనిపించవచ్చు. దయచేసి చివరిదాకా వినండి.

కార్డు పంపే అలవాటు మనకు కొత్త కాదు. లండన్‌లో 1843లో హెన్రీ కోల్ అనే ఆయన మొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించాడు. మన దేశంలో రైళ్లు, తపాలా, అచ్చు యంత్రాలు విస్తరించాక ఈద్ కార్డులూ వచ్చాయి. మా వయసు వారికి గుర్తుండే ఉంటుంది. రంజాన్ చివరి రోజుల్లో కార్డులు ఏరుకుని, దూరాన ఉన్న మామూకో, ఖాలాకో పంపేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌లో ఒకే బొమ్మ వందమందికి వెళ్తోంది. సౌకర్యమే, కాదనం. అయితే సొంత ఫోన్ లేని పిల్లకు, తన ఫీజు కట్టిన పెద్దాయనకు ఒక ముబారక్ చెప్పుకునే దారి ఏది?

ఈ పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రెండు మూడు పేపర్ పంచ్‌లు, రెండు స్టాంప్ ప్యాడ్‌లు, కత్తెరలు, జిగురు, కాస్త మందమైన కాగితం చాలు. పంచ్‌ని తలకిందులుగా పట్టుకుంటే కాగితం ఎక్కడ తెగుతుందో కనబడుతుంది, వృథా తగ్గుతుంది. మొద్దుబారితే బిర్యానీ పార్సిల్‌కు చుట్టే అల్యూమినియం రేకును నాలుగు మడతలు పెట్టి పది పదిహేనుసార్లు కొడితే మళ్లీ పదును తేరుతుంది. మడత నీటుగా రావాలంటే ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ముందు గీత గీసుకోవాలి.

స్టాంపులు కొననవసరం లేదు. బెండకాయను అడ్డంగా కోసి ఇంకులో అద్దితే పువ్వు పడుతుంది. బంగాళాదుంప ముక్క మీద నెలవంక చెక్కవచ్చు. పెద్ద పిల్లలైతే పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు మీద అక్షరాలే చెక్కుతారు. బ్లేడు పని మాత్రం మా కళ్లెదుటే జరుగుతుంది. అక్షరాన్ని తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. అందుకు పలుచని కాగితం మీద పెన్సిల్‌తో ఒత్తి రాసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దాలి. తెలుగులో 'ఈద్' అని, ఉర్దూలో 'ఈద్' అని రెండూ ఇలా చెక్కిన పిల్లలకు ఆ అక్షరాల వంపులు ఇక మరపురావు.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టల మీద పడే అచ్చులదీ ఇదే సూత్రం. అక్కడ టేకు చెక్కతో అచ్చులు చెక్కుతారు. గీతకు ఒక అచ్చు, రంగు నింపడానికి మరో అచ్చు ఉంటాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో పారశీక తీగలు, పువ్వులు ఆ బట్టల్లోకి వచ్చాయి. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు బెండకాయ ముక్కను కొంచెం గౌరవంగా పట్టుకున్నారు.

ఇందులో లెక్కలూ ఉన్నాయి. చదరపు పంచ్‌తో రెండు ముక్కలు కొట్టి, ఒకదానిని 45 డిగ్రీలు తిప్పి రెండోదాని మీద అతికిస్తే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. మసీదుల జాలీల్లో చూసే నక్షత్రమే అది. ఎ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. 250 జీఎస్ఎం కాగితమైతే ఒక షీటు సుమారు 15.6 గ్రాములు. సగానికి కోసి మడిస్తే కార్డు 8 గ్రాముల లోపే. కవరు, అతికించిన పువ్వులు కలిపినా 20 గ్రాములు దాటకూడదు, దాటితే తపాలా ఖర్చు పెరుగుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ లెక్క నోట్‌బుక్కులో కాక కార్డు మీదే చేశారు.

ఇక అసలు విషయానికి వస్తాం. ఈ కార్డులు అమ్మడానికి కాదు. అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయని కొందరు సలహా ఇచ్చారు. మాకు అది ఇష్టం లేదు. ఈ మధ్య సంవత్సరాల్లో రంజాన్ మిరప కోతల కాలంలోనే వస్తోంది. సెలవు దొరికితే తల్లుల వెంట చేలకు వెళ్లే ఆడపిల్లలు మా దగ్గర ఉన్నారు. కాయలు కోసి మంట పుట్టిన వేళ్లతో ఆదివారం వచ్చి కూర్చుంటారు. ఆ వేళ్లకు ఇంకో కూలి పని మనం పెట్టవద్దు.

ఈ పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచి తీసుకుంటూనే ఉన్నారు. బ్యాగు తీసుకుంటారు, బట్టలు తీసుకుంటారు, వరుసలో నిలబడతారు, పేరు పిలిస్తే తల వంచుకుని వస్తారు. ఎప్పుడూ తీసుకునే చేయిగానే పెరిగిన బిడ్డ, తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని నమ్మేస్తుంది. పదో తరగతి తరువాత చదువు ఆపేద్దామని ఇంట్లో అన్నప్పుడు ఆ బిడ్డ గట్టిగా మాట్లాడలేకపోతుంది. పేదరికం ఒక్కటే నోరు నొక్కుతుందని మేము అనుకోవడం లేదు. కార్డు చేసి ఒకరికి ఇచ్చిన రోజు ఆ బిడ్డ ముఖం వేరుగా ఉంటుంది. ఏడో తరగతి అమ్మాయి ఒకరు తన కార్డులో దాత గారికి ఇలా రాసింది: "మీరిచ్చిన బ్యాగుతోనే బడికి వెళ్తున్నాను. జిప్పు ఇంకా పాడవలేదు." మేము చెప్పి రాయించిన కృతజ్ఞతా వాక్యాలేవీ దీని ముందు నిలవవు.

అందుకని దాతలకు నాలుగు మనవులు.

మొదటిది, ఒక్కో సెంటరుకు ఒక సామాన్ల పెట్టె ఇప్పించండి. పంచ్‌లు, ప్యాడ్‌లు ఏళ్ల తరబడి పనికొస్తాయి.

రెండోది, మీ ఇంటికి వచ్చిన పాత పెళ్లి కార్డులు పారేయకుండా మాకు పంపండి. అంత మంచి అట్ట మేము కొనలేం. అల్లాహ్ పేరు, ఆయత్‌లు ఉన్న భాగాలను మేము కోయం, అదబుతో విడిగా దాచి పెడతాం. హిందూ సోదరుల శుభలేఖల మీద దేవతా చిత్రాలున్నా అంతే, వాటి మీద పంచ్ పడనివ్వం.

మూడోది, మీకు కార్డు వస్తే రెండు ముక్కలు జవాబు రాయండి. పోస్టుకార్డు చాలు. తన పేరుతో ఉత్తరం వచ్చిన పిల్ల దాన్ని ఎన్నాళ్లు పుస్తకంలో పెట్టుకుంటుందో మేము చూస్తున్నాం.

నాలుగోది చెప్పడానికి కొంచెం సంకోచంగా ఉంది. సహాయం అందుకుంటున్న పిల్లల ఫోటోలు తీయడం మానుకుందాం. సంచికలో ఆ స్థానంలో వాళ్లు చేసిన కార్డుల ఫోటోలు వేద్దాం. మీ సొమ్ము ఎక్కడికి చేరిందో ఆ కార్డులే చెబుతాయి.

వచ్చే రంజాన్‌కు, ఇన్షా అల్లాహ్, మీలో ప్రతి ఒక్కరి ఇంటికీ ఒక కార్డు చేరాలని మా ప్రయత్నం. అంచు వంకరగా ఉండవచ్చు, ఇంకు కాస్త అలుముకుని ఉండవచ్చు. తీసుకోండి. ఆ ఒక్క రోజు వాళ్లు ఇచ్చేవారు, మనం తీసుకునేవారం.

వస్సలాం.