క్రీడానిర్వహణమునకు ఒక చదువు

ఆట ఆడుటకెంత నైపుణ్యము వలయునో, దానిని వేలమంది చూచునట్లు నడపుటకును అంత వలయునన్న మాట విశ్వవిద్యాలయములకు ఆలస్యముగానే స్ఫురించినది. 1957లో, అమెరికాలోని బ్రూక్లిన్ డాడ్జర్స్ అను బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ, క్రీడాంగణమును, పందెపు మైదానమును, ప్రదర్శనశాలను నిర్వహించుటకు చదువుచే సిద్ధపడినవాడు ఎచట లభించునని ఆచార్య జేమ్స్ మేసన్‌ను లేఖాముఖమున ప్రశ్నించెను. 1966లో ఒహాయో విశ్వవిద్యాలయమున ఆ విషయమై స్నాతకోత్తర విద్య మొదలైనది. వర్షమువలన ఆట నిలిచినచో టిక్కెట్టు కొన్నవానికేమి చెప్పవలెను, ఆట ముగిసినంతనే ఒక్కుమ్మడిగా లేచు జనసందోహము తొక్కిసలాట లేక వెలువడుటకు ద్వారములెన్ని వలయును, అనువానిని అనుభవమే నేర్పవలెనన్నచో, ఆ పాఠమునకు ప్రాణములనే మూల్యముగా చెల్లింపవలసివచ్చును. జనసందోహమును నడపు నేర్పు క్రీడలకే కాక పర్యాటకమునకును వలయును; మనదేశమున అట్టి పర్యాటక నిర్వహణ విద్యకై 1983లో ఏర్పడిన జాతీయసంస్థ గ్వాలియరు కేంద్రముగా నడచుచున్నది. దాని శాఖ నెల్లూరునను కలదు.