టవరు కూలిన రోజున

వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద, తమంతట తాము నడిచే యంత్రాల మీద సదస్సు పామిడిముక్కలలో జరగడం నాకెంతో సంతోషం. పత్రాలు చదవబోయే పరిశోధకులతో ముందుగా ఒక్క మాట.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. తీగలు తెగాయి, స్తంభాలు కూలాయి, రోడ్లు మునిగాయి. లోపల ఏం జరిగిందో బయటివాళ్లకు వెంటనే తెలియలేదు. వేలాదిమంది పోయారు. మచిలీపట్నంలో తుపాను రాడారు వెలిసింది ఆ తర్వాతే. ఈ ప్రాంతంలో వైర్‌లెస్ గురించి ఎవరు మాట్లాడినా ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి.

ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ పి. రాజలక్ష్మి గారి పరిశోధన మనకు మంచి ఉదాహరణ. సెన్సర్లు, వైర్‌లెస్ సమాచారం నుంచి డ్రోన్లు, డ్రైవరు లేని వాహనాల దాకా సాగిన కృషి అది. ఆమె నేతృత్వంలోని తిహాన్ కేంద్రానికి కందిలోని ప్రాంగణంలో పరీక్షా క్షేత్రం ఉంది. 2022 జూలైలో ప్రారంభించారు. నేలమీద వాహనాల్ని, గాలిలో డ్రోన్లని అక్కడ ఒకేచోట పరీక్షించవచ్చు.

వైర్‌లెస్, తమంతట తాము నడిచే యంత్రాలు: ఈ రెండు విద్యలూ ఎందుకు కలిశాయి? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కబురు సెకనులో పదోవంతు ఆలస్యమైతే మీటరున్నర దాటిపోయినట్టే. వీరంకిలాకు దగ్గర కాలువగట్టు మీద గేదె అడ్డొస్తే ప్రాణం ఆ మీటరున్నరలోనే ఉంది. అందుకే గేదెను చూసి ఆగడం బండి సొంతంగా చేయాలి. మలుపు అవతల ఏముందో చెప్పడం నెట్‌వర్కు పని.

ఇక మన చేలు. నీళ్లు పెట్టిన వరిమడి మీద తరంగం రెండు దారుల్లో వస్తుంది: నేరుగా ఒకటి, నీటిమీద పడి లేచి ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట, రిసీవరు దగ్గర్లోనే ఉన్నా సిగ్నల్ అందదు. యాంటెన్నా ఎత్తు కాస్త మారిస్తే మళ్లీ దొరుకుతుంది. చెరకు తోటలో ఇబ్బంది వేరు. తడి ఆకు తరంగాన్ని పీల్చేస్తుంది కాబట్టి, నాటిన రోజుల్లో చక్కగా పలికిన సెన్సరు తోట ఏపుగా పెరిగేసరికి మూగబోవచ్చు. ఇవి ఏ కాంక్రీటు ప్రాంగణంలోనూ బయటపడే సంగతులు కావు. పరిశోధకులు మడిలోకి దిగాలి.

మళ్లీ వరదల సంగతికొస్తే, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు డ్రోన్లతో ఆహారం, మందులు అందించారు. చాలా మంచి పని. కానీ టవర్లు కూలిపోయిన దీవిలో డ్రోన్లు ఒకదాని నుంచి ఒకటి కబురందుకుంటూ మనుషుల్ని వెతకడం అంతకన్నా కష్టం. అలాంటి కబురుకు పాత దారి ఒకటుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే వైర్‌లెస్ నెట్‌వర్కుతో దీవుల మధ్య సమాచారం నడిపింది. అందులో ఎవరి వంతు ఎప్పుడో ఎవరూ కేటాయించరు. రెండు సందేశాలు ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపాలి. దివిసీమకు కావలసిన ఆలోచన కూడా ఈ దారిలోనే దొరుకుతుందని నా నమ్మకం.

కాబట్టి ఈ రోజు ప్రతి పత్రం తర్వాతా నేను అడగబోయే ప్రశ్న ఒకటే: సంబంధం తెగిపోయాక మీ యంత్రం ఏం చేస్తుంది, ఎంతసేపు చేస్తుంది? మొదటి వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.